ఆన్‌లైన్ వేలంలో పాత నాణేలు అమ్ముతున్నారా? జర పైలం

వెండి రేటు ఎక్కినప్పుడల్లా వరంగల్, హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల దిక్కు ఇళ్లల్లో పెట్టెల అడుగున ఉన్న రూపాయి బిళ్లలు బయటికొస్తాయి. ఇదివరకు అవి నేరుగా కంసాలి దగ్గరికి పోయేవి. ఇప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి ఆన్‌లైన్ వేలంలో పెడుతున్నారు. దొంగ సైట్ల సంగతి కింద చెప్తాం, అంతకంటే ముందు చెప్పాల్సింది ఇంకొకటుంది. అసలైన కంపెనీలో, అసలైన వేలంలో, అసలైన కొనుగోలుదారుకు అమ్మి, పైసలు ఖాతాలో పడ్డాక కూడా నష్టపోవచ్చు. అదెట్లాగో లెక్క చూడండి.

ఒక జార్జి రూపాయి, అంటే బ్రిటిష్ రాజు జార్జి బొమ్మున్న పాత వెండి బిళ్ల, వేలంలో 3,000కు పోయిందనుకుందాం. అమ్మినవాళ్ల దగ్గర కంపెనీ 12 శాతం కమీషన్ పట్టుకుంటే 360. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ 65. ఫొటోకు, లిస్టింగ్‌కు 100 అంటే జీఎస్టీతో 118. ఇన్సూరెన్స్ చేసి పంపడానికి 250. చేతికొచ్చేది 2,207. కొన్నవాళ్లు కట్టేది మాత్రం 3,000తో ఆగదు. కొన్నవాళ్ల దగ్గర కంపెనీ అదనంగా పట్టుకునే బయ్యర్స్ ప్రీమియం 15 శాతం అంటే 450, దాని మీద జీఎస్టీ 81, మొత్తం 3,531. ఒకే నాణెం, ఒకే వేలం, మధ్యలో కరిగిపోయింది 1,324. శాతాలు కంపెనీని బట్టి మారతాయి, లెక్క తీరు మాత్రం ఇదే.

వేలంలో కొని, అవసరం పడితే వేలంలోనే అమ్ముకుందాం అనుకునేవాళ్లు ఈ అంకెను ఇంకోసారి చూడాలి. 3,531 పెట్టి కొన్న బిళ్ల మళ్లీ అదే 3,000కు పోతే 1,324 నష్టం. పెట్టింది పెట్టినట్టు తిరిగి రావాలంటే వేలం ధర 4,542కు చేరాలి. అంటే సగానికి పైగా పెరగాలి. 1918 లాంటి సంవత్సరాల్లో ఈ రూపాయలు కోట్లలో ముద్రించారు, మామూలు బిళ్లకు అంత గిరాకీ ఎక్కడినుంచి వస్తుంది?

వేలానికి ఇచ్చేముందు బిళ్లలో వెండి ఎంతుందో తెలిసి ఉండాలి. విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములన్నమాట. 1940 నుంచి 1945 వరకు వచ్చిన ఆరో జార్జి రూపాయి అదే తూకం, కానీ వెండి సగమే, 5.83 గ్రాములు. నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, 81.8 శాతం లెక్కన 9.14 గ్రాములు వస్తుంది. హిజ్రీ 1361 (సుమారు 1942) నుంచి వచ్చిన చార్మినార్ బిళ్లల్లో వెండి సగానికి తగ్గింది. 1947 రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెల్. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. దాన్ని వెండి అని రాసి అమ్మితే బిళ్ల తిరిగొస్తుంది, రెండు వైపుల పోస్టు ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

ఇంకో మాట. పాత తులం అంటే ఈ రూపాయి బిళ్ల తూకమే, 11.66 గ్రాములు. ఇప్పుడు షాపుల్లో తులం అంటే 10 గ్రాములు. ‘బిళ్లకు తులం వెండి లెక్కన ఇస్తాం’ అంటే ఒక్కో బిళ్ల మీద 0.69 గ్రాముల స్వచ్ఛమైన వెండి ఊరికే పోయినట్టు. యాభై బిళ్లలుంటే 34 గ్రాములు దాటుతుంది. కంసాలి అరుగుదల కింద, కరిగింపు కింద కొంత తగ్గించడం న్యాయమే. ఆ తగ్గింపు ఎంతో విడిగా చెప్పించుకోండి, తులం లెక్కలో కలపనివ్వొద్దు.

ఇక స్టార్టింగ్ ధర. ‘99తో మొదలుపెట్టండి, పోటీ పెరుగుతుంది’ అనే సలహా బాగా వినిపిస్తుంది. పేరున్న అరుదైన నాణేనికి అది నడుస్తుంది, ఎందుకంటే దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు పదిమంది ఉంటారు. మామూలు రూపాయికి ఇద్దరొస్తారు, ఒక్కోసారి ఒక్కరే. ‘ఇంతకంటే తక్కువకు అమ్మం’ అని ముందే పెట్టుకునే రిజర్వ్ ధర లేకుండా 900కు ఆగిపోతే పై కోతలన్నీ పోను చేతికొచ్చేది 405. లెక్క సులువుగా ఉండాలని వెండి గ్రాము 100 అనుకున్నా అందులో 1,069 రూపాయల వెండి ఉంది. ఈరోజు రేటు పెట్టి మీరే వేసుకోండి, ఇంకా కళ్లు తిరుగుతాయి. అందుకే వెండి విలువ, కోతలు కలిపి వచ్చిన అంకె కంటే కింద రిజర్వ్ పెట్టొద్దు. రిజర్వ్‌కు ఒప్పుకోని కంపెనీకి మామూలు బిళ్లలు ఇవ్వనే వద్దు.

ధర పెంచడానికి బావమరిది ఫోన్‌తో బిడ్ వేయించే తెలివి కూడా ఉంది. ఎదుటివాళ్లు ఆగిపోతే మీ నాణెం మీకే పడుతుంది. అప్పుడు రెండు వైపుల కోతలూ మీవే, 3,000 బిళ్ల మీద 1,074 రూపాయలు. దొరికితే ఖాతా మూసేస్తారు.

ఒప్పందం కాగితంలో ఏం చూడాలి? కమీషన్ ఎంత అన్నది అందరూ అడుగుతారు. అడగనివి వేరే ఉన్నాయి. అమ్ముడుపోని నాణేనికి చార్జీ ఉందా? మధ్యలో వెనక్కి తీసుకుంటే ఎంత కట్టాలి? గెలిచినవాళ్లు పైసలు కట్టకపోతే నాణెం మళ్లీ వేలానికి పోతుందా, మీకు వస్తుందా, ఆ ఖర్చు ఎవరిది? వేలం అయ్యాక ఎన్నిరోజులకు డబ్బు ఇస్తారు? వాళ్ల దగ్గర ఉన్నన్నాళ్లు పోతే ఎంత కట్టిస్తారు? నాణెం ఎంత బాగుందో చెప్పే గ్రేడు ఎవరు నిర్ణయిస్తారు? అన్నిటికంటే ముఖ్యం, మీ నాణేలను విడివిడిగా పెడతారా, గంపగుత్తగా ఒకే లాట్‌లో కలుపుతారా? ఇరవై బిళ్లలు ఒక లాట్‌లో కలిస్తే అందులోని ఒక్క మంచి సంవత్సరం కూడా వెండి రేటుకే పోతుంది. తెలిసినవాళ్లు సరిగ్గా అలాంటి లాట్ల కోసమే కాచుకుని ఉంటారు. కలిపే ముందు ప్రతి బిళ్ల సంవత్సరం, టంకశాల గుర్తు చూసుకోండి. ఐదో జార్జి రూపాయిల్లో సంవత్సరం కింద పువ్వు దగ్గర చిన్న చుక్క ఉంటే బొంబాయిది, లేకపోతే కలకత్తాది. పాన్ ఇవ్వడం మరిచిపోవద్దు, లేకపోతే కొన్ని సైట్లలో 5 శాతం టీడీఎస్ కోత పడుతుంది.

వివరణలో తప్పు రాస్తే అది కూడా డబ్బు నష్టమే. మన దగ్గర ఎక్కువగా దొరికేవి చార్మినార్ నాణేలు, ఎక్కువగా తప్పు రాసేవీ అవే. వాటి మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. 1337 అని చూసి ‘కాకతీయుల కాలం నాటిది, 700 ఏళ్ల పాతది’ అని పెట్టేవాళ్లున్నారు. కాకతీయ రాజ్యం 1323లోనే పోయింది, చార్మినార్ కట్టింది 1591లో, పోనీ ఆ బిళ్ల మీదున్న బొమ్మనన్నా చూడాలి కదా! హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1337 అంటే 1918-19. 92 అన్న అంకె కనిపిస్తే అది సంవత్సరం కాదు, అరబిక్ అక్షరాలకు అంకెలిచ్చే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ పేరుకు వచ్చే సంఖ్య. చార్మినార్ వాకిలిలో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, ఐన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. ఉస్మాన్ మొదటి రోజుల బిళ్లల్లో ఐన్ పొట్టిగా ఉంటుంది, తర్వాతివాటిలో పూర్తిగా ఉంటుంది. సేకరించేవాళ్లు ఈ తేడాకే డబ్బు పెడతారు, కాబట్టి ఆ వాకిలి దగ్గరి నుంచి విడిగా ఒక ఫొటో తప్పనిసరి.

బ్రిటిష్ రూపాయిల్లో రెండు సంవత్సరాల దగ్గర ఆగండి. 1911 జార్జి రూపాయిలో రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనిపిస్తుందని గొడవై, మరుసటి ఏడు నుంచి అచ్చు మార్చారు. ‘పంది రూపాయి’ అని అడిగేది దాన్నే. 1939 వెండి రూపాయి నిజంగా అరుదు, అందుకే అంకె మార్చిన నకిలీలు తిరుగుతుంటాయి. తెలిసినవాళ్లకు చూపించకుండా దాన్ని ‘ఒరిజినల్’ అని రాయొద్దు. రాముడి పట్టాభిషేకం, హనుమంతుడు ఉండి, 1616, 1717, 1818 అని సంవత్సరాలున్న రాగి ‘ఈస్ట్ ఇండియా కంపెనీ అణా’లు కంపెనీ నాణేలే కావు. బియ్యం గింజల్ని లాగే మహిమ ఉందంటూ ‘రైస్ పుల్లర్’ కథలు చెప్పేవాళ్ల చేతిలో కనిపించేవి ఇవే.

చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, టూత్‌పేస్ట్, కుంకుడు రసం ఏదీ వద్దు. రుద్దగానే బిళ్ల తళతళలాడుతుంది, భూతద్దం కింద మాత్రం అంతా సన్నగీతలే. ఆ గీతలు చూసిన సేకర్త వెండి రేటు కంటే పైసా ఎక్కువ పెట్టడు. గ్రేడింగ్‌కు పంపితే ‘శుభ్రం చేసినది’ అని రాసి పంపుతారు, నంబరు గ్రేడు ఇవ్వరు. నల్లబడ్డ బిళ్లను అట్లాగే పెట్టండి. మెడలో వేసుకున్న రూపాయల దండల నుంచి తీసిన బిళ్లలకు పైన టంకం మచ్చ ఉంటుంది, కొన్నిటికి చిల్లు ఉంటుంది. దాన్ని రాకించి దాచాలని చూస్తే అంచు మీది గీతలు పోతాయి, తూకం తగ్గుతుంది, దొరికిపోతారు. అలాంటివి వేలానికి కాదు, టంచ్ (వెండి శుద్ధత) చూసి కొనే దుకాణానికే పోవాలి. వెండి పనికి పేరున్న కరీంనగర్‌లో ఒకచోట, వరంగల్‌లో ఇంకోచోట రేటు అడిగి చూడండి.

బిళ్ల మార్చి తిరిగి పంపడం ఇంకో రకం మోసం. మీరు మంచి బిళ్ల పంపుతారు, ‘నకిలీ’ అని తిరిగొచ్చేది నిజంగానే నకిలీ. దీనికి మందు పంపకముందే వేసుకోవాలి. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా మీద తూకం వేసి, పుస్తకంలోని 11.66 కాకుండా కాటా చూపించిందే రాయండి. అరిగిన బిళ్ల 11.5 కూడా రావచ్చు. రెండు వైపులా, అంచూ, ఉన్న ప్రతి నొక్కూ పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయండి. తూకం, ప్యాకింగ్, చిరునామా అతికించడం అన్నీ ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. తిరిగొచ్చిన పార్శిల్ కూడా వీడియో తీస్తూనే విప్పాలి. ప్యాకింగ్‌కు మెత్తని పీవీసీ కవరు వద్దు, కొన్నాళ్లకు బిళ్ల మీద పచ్చని జిడ్డు పడుతుంది. అట్ట హోల్డర్‌లో పెడితే పిన్నులు నొక్కి చదును చేయండి, లేకపోతే పక్క బిళ్లను గీకేస్తాయి.

పంపడం మామూలు కొరియర్‌లో వద్దు. చాలా కొరియర్ల షరతుల్లో నగదు, నాణేలు, బులియన్‌కు (వెండి, బంగారు కడ్డీలకు) బాధ్యత లేదని సన్నక్షరాల్లో ఉంటుంది. హన్మకొండ హెడ్ పోస్టాఫీసులాంటి చోట అసలు విలువకు ఇన్సూరెన్స్ చేయించి రశీదు దాచుకోండి.

విదేశాల నుంచి బిడ్ వస్తే సంబరపడొద్దు. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం, శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, జరిమానా. ఐదో జార్జి తొలి పదేళ్ల బిళ్లలన్నీ ఇప్పుడు దీని కిందికే వస్తాయి. అలాంటివాటి వ్యాపారానికి లైసెన్సు కూడా ఉండాలి. లిస్టింగ్‌లో ‘భారతదేశంలో మాత్రమే’ అని పెట్టండి.

కోటిలింగాల, ధూళికట్ట దిక్కు పొలాల్లో దొరికిన శాతవాహన నాణేలను వేలంలో పెట్టే ఆలోచన అసలే వద్దు. భూమిలో దొరికిన నిధి గురించి కలెక్టర్‌కు చెప్పాలి. ఫొటో ఆన్‌లైన్‌లో పెడితే అదే సాక్ష్యం.

చివరగా దొంగ సైట్లు. 2012 వైష్ణోదేవి ఐదు, పది రూపాయల నాణేలకు, ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు, 786 నంబరుకు లక్షలిస్తామంటారు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత జీఎస్టీ, తర్వాత ‘ఆర్‌బీఐ అనుమతి’, తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ క్లియరెన్సు. కట్టినకొద్దీ కొత్త పేరు వస్తుంది. పాత నోట్లు, నాణేల కొనుగోలుతో తమకు సంబంధం లేదని, ఎలాంటి చార్జీలు అడగమని ఆర్‌బీఐ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. అమ్మేవాళ్లు ముందు పైసలు కట్టాలన్న చోట మాట అక్కడితో తెంపేయండి. డబ్బు రావడానికి క్యూఆర్ స్కాన్ చేయడం, యూపీఐ పిన్ కొట్టడం అవసరం లేదు. పిన్ కొట్టారంటే పోయేది మీ డబ్బే. పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి బిళ్ల పంపొద్దు, బ్యాంకు ఖాతాలో పడిందా లేదా చూడండి.

ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పోయిన మొత్తం, సమయం, యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే నంబరు), ఎవరి ఖాతాకు వెళ్లిందో చేతిలో పెట్టుకుని మాట్లాడితే ఆ డబ్బు ముందుకు కదలకుండా ఆపే అవకాశం ఉంటుంది. మీ బ్యాంకుకు కూడా అదే గంటలో చెప్పండి. వేలం కంపెనీతో లెక్క తేడా అయితే అది 1930 పని కాదు. ముందు ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఈమెయిల్ పెట్టాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫిర్యాదుకు ఒప్పందం కాగితం, లాట్ నంబరు, వేలం ధర కనిపించే పేజీ, చెల్లింపు స్టేట్‌మెంట్, ప్యాకింగ్ వీడియో జతచేయండి. వేలం ముగిశాక ఆ పేజీని కొన్ని సైట్లు తీసేస్తాయి, అందుకే అదే రాత్రి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.