పదకొండు నెలలు ఆగి ఉండే బండికి డీజిలా, గ్యాసా?

“అన్నా, ఆర్‌వీ కొందామనుకుంటున్నాం. డీజిల్ తీసుకోమంటారా, గ్యాసా?”

ఆర్‌వీ అంటే లోపలే వండుకుని పడుకునే మోటార్ హోమ్, గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోలే. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల దగ్గర్నుంచి ఈ వేసవిలో ఇలాంటి ఫోన్లు చాలానే వచ్చాయి. కిందటేడు నేనొకటి కొన్నాను కాబట్టి నాకంతా తెలుసని వాళ్ల నమ్మకం. అడిగేవాళ్లలో సగం మంది డీజిల్ అని ముందే తేల్చుకుని, నాచేత ‘ఊ’ అనిపించుకోవడానికే ఫోన్ చేస్తారు. నేను ‘ఊ’ అనను. దాంతో గంటసేపు మాట్లాడాల్సి వస్తోంది. ఆ గంట మాటలే ఇక్కడ రాసి పెడుతున్నా.

నేను కొన్నది గ్యాస్ బండి. ఫోర్డ్ ఈ-450 వ్యాన్ ఛాసిస్ మీద కట్టిన క్లాస్ సి (ముందు వ్యాన్ క్యాబిన్, వెనక ఇల్లు ఉండే రకం), 2021 మోడల్, 7.3 లీటర్ల వీ8 ఇంజను. అంతకు ముందు ఏడాదిన్నర పాటు డీజిలే కొనాలని తిరిగాను. రెండుసార్లు డీజిల్ బండి అద్దెకు తీసుకుని తోలాను కూడా. కాబట్టి నా మొగ్గు ఎటో తెలుసుకునే ఇది చదవండి.

డీజిల్ మీద మనకున్న ప్రేమ ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. గుంటూరు జిల్లాలో మా పొలం గట్టు మీద కిర్లోస్కర్ ఆయిలింజను ఒకటి ఉండేది. హ్యాండిల్ పెట్టి నాలుగు తిప్పులు తిప్పితే డబ్‌డబ్‌మని అందుకునేది. ఇక సాయంత్రం దాకా దాని వంక చూసే పని లేదు. వానకు తడిసేది, ఎండకు ఎండేది, నా ఇంజనీరింగ్ అయ్యేదాకా మా పొలానికి నీళ్లు అదే తోడింది. పైగా అక్కడ డీజిలంటే పెట్రోలు కన్నా చవక. గట్టిది, చవకది అన్న రెండు మాటలూ అలా మనసులో పాతుకుపోయాయి. అమెరికా వచ్చాక రెండింటినీ మళ్లీ లెక్క కట్టుకోవాలి.

చవక సంగతి తొందరగానే తేలిపోతుంది. ఇక్కడ ఫెడరల్ పన్నే గ్యాస్ మీద గాలన్‌కి 18.4 సెంట్లు, డీజిల్ మీద 24.4 సెంట్లు. బంకు బోర్డు మీద మామూలుగా డీజిల్ రేటే ఎక్కువ కనిపిస్తుంది. మైలేజ్ మాత్రం డీజిల్‌దే, అందులో అనుమానం లేదు. గాలన్ డీజిల్‌లో గ్యాస్ కన్నా దాదాపు 13 శాతం ఎక్కువ శక్తి ఉంటుంది, దాన్ని డీజిల్ ఇంజను తక్కువ వృథా చేస్తుంది. మెర్సిడెస్ స్ప్రింటర్ డీజిల్ వ్యాన్ మీద కట్టిన పాతిక అడుగుల బండి, విన్నెబేగో వ్యూ లాంటిది, హైవే మీద గాలన్‌కి 14 నుంచి 16 మైళ్లు ఇస్తుంది. దాదాపు అంతే పొడవున్న నా బండి 9 ఇచ్చిందంటే ఆ రోజు పండగ. ఎదురుగాలి ఉంటే ఏడున్నర. టెక్సస్ పాన్‌హ్యాండిల్‌లో ఎదురుగాలి లేని రోజు నాకింకా తగల్లేదు.

ఇప్పుడు డబ్బుల్లోకి మార్చండి. ఏడాదికి 5,000 మైళ్లు తిరుగుతారనుకుందాం. పిల్లల స్కూళ్లు, మన సెలవులు చూసుకుంటే అంతకు మించి తిరగడం కష్టం. స్ప్రింటర్‌కి 15 చొప్పున 333 గాలన్లు, నా బండికి 9 చొప్పున 556 గాలన్లు. డీజిల్ 3.75 డాలర్లు, గ్యాస్ 3 డాలర్లు అనుకుంటే 1,250కి 1,667. అంటే ఏడాదికి 417 డాలర్లు మిగులు. స్ప్రింటర్ వీ6కి ఆయిల్ మార్చాలంటే మెర్సిడెస్ ఒప్పుకున్న గ్రేడ్ ఆయిలే 13 క్వార్టుల దాకా పడుతుంది, నా వీ8కి మామూలు ఆయిల్ 8 క్వార్టులు. ఆ మిగులులో కొంత అక్కడే పోతుంది. కొత్త బళ్లలో ఈ రెండు తరహాల మధ్య ధర తేడా 30 వేల డాలర్లనుకున్నా, డీజిల్ పొదుపుతో అది తీరేసరికి డెబ్బై ఏళ్లు పడుతుంది. తేడా అంతా ఇంజనుదే కాదు, లోపలి పనితనం కూడా కలిసే ఉంటుంది. అయినా మైలేజ్ కోసం డీజిల్ కొంటున్నాననే వాళ్లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి. ఏడాదికి 15,000 మైళ్లు తిరిగేవాళ్లకు మిగులు 1,250 డాలర్లు. అది వేరే కథ.

నేను ఆగిపోయింది మాత్రం డబ్బు దగ్గర కాదు, ‘గట్టిది’ అన్న మాట దగ్గర.

రెండోసారి అద్దెకు తీసుకున్నప్పుడు అమ్మానాన్న కూడా ఉన్నారు. గ్రాండ్ కాన్యన్‌కి ఐ-40 హైవే మీద వెళ్తున్నాం. అమరిల్లో దాటి న్యూమెక్సికోలో టుకుంకారీ దగ్గరికి వచ్చేసరికి డ్యాష్ మీద పసుప్పచ్చ దీపం వెలిగింది. ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్‌లో లోపం ఉంది, సరిచేయించకపోతే ఇంజను శక్తి తగ్గిస్తాను అని మెసేజ్. ఏ కంపెనీ బండో చెప్పను, ఇలాంటి గొడవ కొత్త డీజిళ్లన్నిటికీ ఉన్నదే. ట్రక్ స్టాప్‌లో ఆపి డెఫ్ (పొగను శుభ్రం చేసే ఆ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్) పోసే నీలం మూత తీశాను. చుట్టూ ఉప్పు మడిలో పేరుకున్నట్టు తెల్లటి పొర. నాన్న గోటితో గీరి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. “ఒరే, ఇది యూరియా కదరా! దీన్ని బండికి పోస్తారా?”

నిజంగా యూరియానే. నూటికి 32.5 పాళ్లు యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. 2010 నుంచి ఇక్కడి డీజిళ్లకు ఇది దాదాపు తప్పనిసరైంది. వేడి పొగలోకి దీన్ని చిమ్మితే అమ్మోనియా పుట్టి, నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొడుతుంది. పని మంచిదే. కానీ ఆ పని కోసం ఒక ట్యాంకు, పంపు, మైనస్ 11 సెల్సియస్ దగ్గర గడ్డకట్టకుండా హీటరు, ఎంత ఉందో చూసే సెన్సర్, మంచిదో కాదో చూసే సెన్సర్, ఈ శుద్ధి జరిగే డబ్బాకు ముందూ వెనకా నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల) సెన్సర్లు, వీటికి ముందు 2007 నుంచి ఉన్న మసి ఫిల్టర్ డీపీఎఫ్. ఇంజను లక్షల మైళ్లు తిరిగేదే, దానికేమీ కాదు. చుట్టూ ఉన్న ఈ సరంజామాలో ఏ ఒక్కటి అలిగినా కంప్యూటర్ ఇంజను గొంతు పట్టుకుంటుంది. కొన్ని బళ్లు ఇంకా ఇన్నిసార్లే స్టార్ట్ అవుతానని లెక్క చెబుతాయి, కొన్ని గంటకు 5 మైళ్ల వేగానికి దిగిపోతాయి. 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు డెఫ్ ట్యాంకు సెన్సర్ దొరక్క పెద్ద పెద్ద డీజిల్ పుషర్లే (ఇంజను వెనక ఉండే బస్సంత మోటార్ హోమ్‌లు) వారాల తరబడి కదల్లేదు. మా కిర్లోస్కర్‌కి ఇవేవీ లేవు, అందుకే దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టలేం.

మా సంగతికొస్తే, ఆ రోజు ఆదివారం. ఆల్బుకర్కీ అక్కడికి 175 మైళ్లు. సోమవారం పొద్దున ఫోన్ చేస్తే ఒక షెడ్డువాళ్లు మోటార్ హోమ్ ఎత్తు మా గేటులో పట్టదన్నారు, ఇంకొకళ్లు మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. అద్దెకిచ్చినవాళ్లు వేరే బండి పంపేసరికి మంగళవారం సాయంత్రమైంది. రెండు రాత్రులు ట్రక్కుల మధ్య పడుకున్నాం. అమ్మ మాత్రం ఆ రెండు రోజులూ పులిహోర, పెరుగన్నంతో బాగానే గడిపింది. టెన్షన్ అంతా నాకే.

ఇల్లు చేరాక అర్థమైంది, రిలయబిలిటీ అంటే బండి ఎన్ని మైళ్లకు చెడుతుందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. చెడిన చోట దాన్ని ఎవరు ముట్టుకుంటారు అన్నది కూడా చూడాలి. ఫోర్డ్ 7.3 వీ8 పాతకాలపు పద్ధతిలో పుష్‌రాడ్లతో కట్టిన ఇంజను, గాలిని ఒత్తి లోపలికి నెట్టే టర్బో కూడా లేదు. అదే ఇంజను పికప్‌లలో, డెలివరీ ట్రక్కుల్లో తిరుగుతోంది కాబట్టి చిన్న ఊళ్లో కూడా పార్టు దొరుకుతుంది, చెయ్యి పెట్టేవాడు ఉంటాడు. స్ప్రింటర్‌కి ఆ సుఖం లేదు. మామూలు మెకానిక్ దాని బానెట్ ఎత్తడానికే ఒప్పుకోడు.

ఇంకొకటి, మన బళ్లు ఏడాదిలో పదకొండు నెలలు ఆగే ఉంటాయి. డీజిల్ సరంజామాకి అదే పడదు. టెక్సస్ ఎండలో డెఫ్ ఏడాది లోపే పాడవుతుంది. ఆరిన చోటల్లా యూరియా గడ్డలు కడుతుంది. డీపీఎఫ్‌లో మసి కాలాలంటే హైవే మీద గట్టిగా కాసేపు తోలాలి. నెలకోసారి స్టోరేజ్‌కి వెళ్లి పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి వస్తున్నామని గర్వంగా చెప్పేవాళ్లున్నారు. దానివల్ల మసి పెరుగుతుందే తప్ప బండికి మేలు లేదు. వెళితే ఓ గంట తోలి రండి, లేదంటే అసలు ముట్టుకోకండి.

గ్యాస్ బండి ఆగి ఉంటే బాగుంటుందని కాదు. 10 శాతం ఇథనాల్ కలిసిన గ్యాస్ కొన్ని నెలలకే చెడుతుంది, డీజిల్ అంతకంటే ఎక్కువ కాలం ఆగుతుంది. మొదటి చలికాలం నా జెనరేటర్ కార్బురేటర్ జిగురు పట్టి బిగుసుకుపోయింది. ఇప్పుడు ట్యాంకులో స్టెబిలైజర్ పోసి పెడుతున్నాను.

కొండల్లో నా బండి పరువు తీస్తుంది, అదీ ఒప్పుకోవాలి. డెన్వర్ నుంచి ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్‌కి ఎక్కితే ఎత్తు 11,000 అడుగులు దాటుతుంది. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది, అంటే అక్కడికి చేరేసరికి మూడో వంతు దాకా హరీ. సీట్ల మధ్యనే ఇంజను కాబట్టి రెండు గేర్లు దిగి అది అరిచే అరుపుకి మాటలు వినపడవు, కుడి పాదం కాలిపోతుంది. టర్బో డీజిల్‌కి ఆ ఎత్తు పెద్దగా పట్టదు. నిబ్బరంగా ఎక్కుతుంది. వేసవంతా కొలరాడోలోనే తిరిగేవాళ్లయితే నా సలహా పక్కన పెట్టండి.

బరువు సంగతి బ్రోషర్‌లో చిన్నక్షరాల్లో ఉంటుంది. స్ప్రింటర్ ఛాసిస్ మొత్తం బరువు పరిమితి 11,030 పౌండ్లు, ఈ-450ది 14,500. ముగ్గురు నలుగురు పెద్దవాళ్లు, పిల్లలు, నీళ్ల ట్యాంకు ఫుల్, బియ్యం, ఆవకాయ జాడీలు, మా ఆవిడ వదలని వెట్ గ్రైండర్. మూడు తరాలు ఎక్కే బండికి ఆ తేడా చాలా పెద్దది. భార్యాభర్తలిద్దరే తిరిగేట్టయితే ఈ పేరా వదిలేయండి.

డీజిల్ పుషర్లంటే వెనక కమిన్స్ ఇంజను, ఎయిర్ బ్రేకులు, బస్సంత బండి. 36 అడుగులు దాటాక, వెనక కారు లాగాలన్నా, ఉద్యోగం వదిలి ఏడాదంతా అందులోనే ఉండాలన్నా అదే సరైనది. గ్యాస్ గురించి ఆలోచించకండి. మైలేజ్ 7, 8 దగ్గరే ఉంటుంది, కానీ ఆ స్థాయిలో మైలేజ్ ఎవరూ అడగరు. ప్రోమాస్టర్, ట్రాన్సిట్ లాంటి వ్యాన్లు ఇద్దరికి సరిపోతాయి. ఇప్పుడు వాటిలో డీజిల్ రావడం లేదు కాబట్టి ఈ ప్రశ్నే లేదు.

ఇంత చెప్పినా డీజిలే అంటారా? అయితే వాడిన బండిలో కొన్ని చూసుకోండి. స్ప్రింటర్ 3.0 వీ6 2007 నుంచి 2022 దాకా వచ్చింది. దాని ఆయిల్ కూలర్ సీళ్లు కారతాయన్నది అందరికీ తెలిసిందే. సీళ్ల ఖరీదు కొద్దిగే, అవి ఇంజను వీ మధ్యలో లోతుగా ఉంటాయి కాబట్టి కూలీ వాచిపోతుంది. మార్చిన బిల్లుందా అని అడగండి. 2020లో మెర్సిడెస్ 2009-2016 మధ్య డీజిల్ కార్లు, వ్యాన్లు సుమారు 2,50,000 విషయంలో, పొగ నియమాలు తప్పిన ఆరోపణల మీద అమెరికా ప్రభుత్వంతో సెటిల్‌మెంట్ చేసుకుంది. ఆ కాలపు స్ప్రింటరైతే ఎమిషన్ రిపేర్ చేయించారో లేదో చూడండి. 2023 నుంచి వీ6 పోయి 2.0 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను, 9 గేర్లు వచ్చాయి. తోలడానికి బాగుంది, కానీ బరువైన బండి కింద పదేళ్లు నలిగాక ఎలా ఉంటుందో కాలమే చెప్పాలి.

నిజంగా ఆయిలింజను లాంటి డీజిల్ కావాలంటే 2007కి ముందువి వెతకండి. కమిన్స్ 5.9 ఉన్న పాత పుషర్, లేదా 2004-06 స్ప్రింటర్ 2.7 అయిదు సిలిండర్లది. రెండో దాని శక్తి 154 హార్స్‌పవరే, ఎక్కుడులో మీ వెనక బళ్లు లైన్ కడతాయి. రెండిట్లోనూ డెఫ్ లేదు, డీపీఎఫ్ లేదు. కమిన్స్‌లో 1999-2001 ప్రాంతపు 24 వాల్వులదైతే బ్లాకు పక్కన 53 అని పోత అంకె ఉందేమో టార్చి వేసి చూడండి. ఆ బ్లాకులు పగులుతాయి. ఉంటే బేరం ఆడకుండానే వచ్చేయండి.