చపాతీ వద్దంటే పెరుగు వేసే మెస్, మారతహళ్లి

బెంగళూరు మారతహళ్లిలో ఆంధ్రా మెస్‌లకు కొదవ లేదు, కారం ఎక్కడైనా దొరుకుతుంది. మా పీజీ సందు చివరున్న మెస్‌ని ఆరు నెలలుగా నేను వదలకపోవడానికి కారణం వేరే. 130 రూపాయల మీల్స్‌లో రెండు చపాతీలు, ఒక కప్పు పెరుగు ఇస్తారు, చపాతీ వద్దంటే ఒక్కోదానికి ఇంకో కప్పు పెరుగు వేస్తారు. అంతే.

నేను ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నా. ఉదాసీనతా వక్రరేఖ అనేది పుస్తకంలో కంటే ఈ మెస్ బల్ల మీదే నాకు బాగా అర్థమైంది. అడ్డంగా చపాతీలు, నిలువుగా పెరుగు కప్పులు పెట్టి గ్రాఫ్ వేసి, ఏది ఇచ్చినా నాకు ఒకటే అనిపించే ప్లేట్లన్నిటినీ కలుపుతూ గీస్తే వచ్చే గీత అది. మొదటి చపాతీ వదులుకోవడానికి నాకు అర కప్పు పెరుగు చాలు, ఉన్న ఆ ఒక్కటీ తీసేస్తానంటే మాత్రం కప్పున్నర ఇచ్చినా ఒప్పుకోను, అందుకే ఆ గీత తిన్నగా ఉండదు, మూలబిందువు, అంటే గ్రాఫ్‌లో రెండూ సున్నా అయ్యే మూల వైపు వంగి ఉంటుంది. మెస్‌లో రేటు ఒకటికి ఒకటి కాబట్టి నేను ఒక చపాతీ, రెండు కప్పుల దగ్గర ఆగిపోతా. మా రూమ్మేట్‌ది కడప, వాడు చపాతీ ముట్టడు, మూడు కప్పులూ పెరుగే. మీల్స్ మీద ఐదో పదో తగ్గించినా మాకింత తృప్తి ఉండేది కాదు.

ఆర్థికవేత్త ఎడ్జ్‌వర్త్ 1881లోనే ఈ గీతల ఆలోచన చేశాడు, కానీ తృప్తిని అంకెల్లో కొలవక్కర్లేదు, దేనికంటే ఏది ఎక్కువ ఇష్టమో తెలిస్తే చాలు అంటూ 1934లో హిక్స్, అలెన్ ఆ సిద్ధాంతాన్ని మళ్లీ కట్టారు. వడ్డించే అన్న కూడా అంతే, ఎంత ఇష్టం అని అడగడు, స్టీలు బకెట్ పట్టుకుని నిలబడి "చపాతీనా, పెరుగా తమ్ముడూ?" అంటాడు, మనం చెప్పిందే వేస్తాడు, మొహం చిట్లించడు.

లోటు ఒకటుంది. ముద్దపప్పు ఎన్ని గరిటెలైనా వేస్తారు, ఆవకాయ మాత్రం ఒక్క చెంచానే. ఈ రెండూ చపాతీ, పెరుగులా ఒకదాని బదులు ఒకటి పనికొచ్చేవి కావు, ఆవకాయ అయిపోయాక ఇంకో గరిటె పప్పు వేసినా నా తృప్తి ఉన్నచోటే ఉంటుంది, అక్కడ గీత వంకర కాదు, లంబకోణం. రెండో చెంచాకి ఐదు రూపాయలు తీసుకోండి బాబాయ్ అని ఓనర్‌ని రెండుసార్లు అడిగా. ఇంకా ఒప్పుకోలేదు.