పండక్కి పిల్లలొస్తే శాలిహుండమా, తేలినీలాపురమా?
సంక్రాంతికి ఉద్యోగాల పిల్లలంతా శ్రీకాకుళం చేరాక, అందరూ కలిసి తిరగడానికి దొరికేది ఒక్క రోజు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి అది ముక్కనుమే.

తేలినీలాపురం టెక్కలి దాటాక, సుమారు 65 కిలోమీటర్లు. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరులో వచ్చి మార్చి దాకా ఉంటాయి. ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు. మనవలుంటే ఇదే మంచిది. కానీ కారులోనే సగం రోజు పోతుంది.

నా ఓటు మాత్రం శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం దారికే. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్లు. అమ్మమ్మలు దర్శనం చేసుకుని అక్కడే నిమ్మళంగా కూర్చోవచ్చు. శాలిహుండం కొండెక్కితే ఇటుకల బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. ఫోన్లు పక్కన పెట్టి అన్నదమ్ములు మాట్లాడుకునేది అక్కడే, ఎక్కుతూ ఆయాసపడుతూ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను మాత్రం ఎక్కించకండి. సాయంత్రం కళింగపట్నంలో లైట్‌హౌస్, వంశధార సముద్రంలో కలిసే చోటు. అలలు బలంగా ఉంటాయి, ఈతకు దిగనివ్వొద్దు.

పులిహోర, అరిసెలు ఇంటి నుంచే కట్టుకెళ్లండి. పండగ రోజుల్లో దారిలో హోటళ్లు తెరిచి ఉంటాయన్న నమ్మకం లేదు.