లెపర్డ్ గెకోకు ఏ ఇల్లు మేలు: ప్లాస్టిక్ డబ్బానా, చెక్క పెట్టెనా, గాజు పెట్టెనా?

డాలస్‌లోని మా ఇంటికి నాలుగేళ్ల క్రితం మా అమ్మాయి పట్టుదల వల్ల లెపర్డ్ గెకో అనే మచ్చల బల్లి ఒకటి వచ్చింది. బల్లి మీద పడితే తలస్నానం చేయించే ఇంట్లో పెరిగిన నాకు దానిని దగ్గరికి తీయడానికి కొంత కాలం పట్టింది గాని, సరిగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతికే ప్రాణి కాబట్టి దాని నివాసం విషయంలో తొందరపడకూడదని మొదటి నెలలోనే అర్థమైంది.

ఇది పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, వాయవ్య భారతంలోని రాతి నేలల జీవి. మన గోడల మీది బల్లికి ఉన్నట్లు దీని వేళ్లకు అతుక్కునే మెత్తలు ఉండవు కాబట్టి నున్నటి గాజును ఎక్కలేదు. అందువల్ల ఏ పెట్టె కొన్నా చూడవలసింది ఎత్తు కంటే ముందుగా నేల వైశాల్యం. ముప్పై అంగుళాల పొడవు, పన్నెండు అంగుళాల వెడల్పు ఉన్న ఇరవై గ్యాలన్ల తొట్టి చాలునని ఒకప్పుడు అనేవారు. ఇప్పుడు అనుభవజ్ఞులు ముప్పై ఆరుకు పద్దెనిమిది అంగుళాలు ఉండాలంటున్నారు, నా మాట కూడా అదే.

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అన్నిటికంటే చవక. పక్కలకు రంధ్రాలు వేసి, అడుగున పేపర్ టవల్ పరిస్తే చాలు; మలం, తిండి, కుబుసం అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి కొత్తగా తెచ్చిన పిల్ల ఆరోగ్యాన్ని మొదటి కొన్ని వారాలు గమనించడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ దానిపై వేడి దీపం పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది, కాబట్టి దానిని శాశ్వత నివాసంగా నేను ఒప్పుకోను. చెక్క పెట్టె వేడిని బాగా నిలుపుతుంది, మూడు వైపులా మూసి ఉంటుంది గనుక గెకో బెదురు కూడా తగ్గుతుంది. అయితే అతుకుల దగ్గర సీలెంట్ సరిగా వేయకపోతే తేమకు చెక్క ఉబ్బి, ఆ సందుల్లో క్రిములు చేరుతాయి.

గాజు పెట్టెల్లో రెండు రకాలున్నాయి, ఈ రెండింటి మధ్య తేడా చాలామంది అనుకునే దానికంటే పెద్దది. పైనుంచి తెరిచే తొట్టిలో ప్రతిసారీ మన చెయ్యి డేగలా పైనుంచి దిగుతుంది. వేటాడే పక్షులకు భయపడే ప్రాణి దానికి బెదిరి తోక వదిలేయవచ్చు; తోక మళ్లీ పెరుగుతుంది గాని మునుపటి రూపం రాదు, దానిలో దాచుకున్న కొవ్వూ పోతుంది. ముందు తలుపు తెరుచుకునే పెట్టెలో చెయ్యి నేల మట్టంలో వెళ్తుంది, గెకో తానే నడిచి వస్తుంది. ధర ఎక్కువైనా ఇదే మేలు.

పెట్టె ఏదైనా, అసలు ప్రమాదం వేడి దగ్గర ఉంది. అడుగున అతికించే హీట్ మ్యాట్, పైనుంచి వేడినిచ్చే హాలోజన్ దీపం అనే రెండింటిలో మొదటిది చవక, కరెంటు తక్కువ తింటుంది. కానీ దాని మీద మూడు అంగుళాల మట్టి పోస్తే వేడి పైకి రాదు, కింది గాజు మాత్రం మరింత కాగుతుంది. తవ్వుకుంటూ వెళ్లిన గెకో ఆ గాజు మీదే పడుకొని పొట్ట కాల్చుకుంటుంది. హాలోజన్ వేడి ఎండలాగే పైనుంచి వచ్చి రాతిని కాస్తుంది, రాత్రి దానిని ఆపివేయవచ్చు. అందుకే నేను దానివైపు మొగ్గుతాను. రాత్రి వేడి కోసమని ఎర్ర బల్బు మాత్రం వద్దు, గెకోకు ఆ వెలుగు కనిపిస్తుంది. హీట్ మ్యాట్, హాలోజన్ రెండింటిలో దేనికైనా థర్మోస్టాట్, అంటే సెన్సర్ తీగతో వేడిని కొలిచి ఎక్కువైతే తానే తగ్గించే పరికరం, తప్పనిసరి. వెచ్చటి వైపు గెకో దాక్కునే గూటిలో ముప్పై రెండు డిగ్రీల సెల్సియస్, చల్లటి వైపు ఇరవై అయిదు ఉంటే సరిపోతుంది. మా ఇంట్లో ఒకసారి సెన్సర్ తీగ జారి చల్లటి మూలలో పడింది. అంతా చల్లగా ఉందనుకున్న థర్మోస్టాట్ వేడిని ఆపలేదు. తప్పించుకోవడానికి చల్లటి వైపు ఒక గూడు ఉండబట్టే మా గెకో దెబ్బ తినకుండా బయటపడింది. ఆ రోజు నుంచి సెన్సర్‌ను గట్టిగా బిగించి, విడిగా మరో థర్మామీటర్ పెట్టాను.

నేల విషయంలో కాల్షియం ఇసుక అమ్ముతారు, అది కొనవద్దు; పురుగుతో పాటు మింగితే పేగులకు అడ్డం పడే ప్రమాదం ఉంది. మొదట పేపర్ టవల్, పెద్దయ్యాక గరుకు పలక రాయి లేదా మట్టిలో కొంత ఇసుక కలిపి గట్టిపడేలా నొక్కిన నేల మంచివి. వెచ్చటి గూడు, చల్లటి గూడు కాక, తడి నాచు వేసిన మూడో గూడు కూడా ఉండాలి, లేకపోతే కుబుసం వేళ్ల చుట్టూ బిగుసుకొని చివరలు రాలిపోతాయి. తినకుండా మిగిలిన కీచురాళ్లను రాత్రికి తీసివేయాలి, అవి నిద్రపోతున్న గెకోను కొరుకుతాయి. ఒక పెట్టెలో ఒక్క గెకోనే ఉంచాలి. గిన్నెలను వంటింటి సింకులో కడగకూడదు, కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా క్రిమి అంటుకుంటుంది. అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో అయితే గెకోను తేకుండా ఉండడమే మంచిది.

డబ్బు ఒకేసారి సర్దుబాటు కాకపోతే ముందుగా మంచి థర్మోస్టాట్ కొని, మొదటి నెల ప్లాస్టిక్ డబ్బాలో హీట్ మ్యాట్‌తో గడిపి, ఆ తర్వాత ముందు తలుపు ఉన్న గాజు పెట్టెకు, హాలోజన్‌కు మారండి. అదే థర్మోస్టాట్ దీపానికి పనికిరావాలంటే వెలుగును క్రమంగా తగ్గించే రకాన్ని మొదటే ఎంచుకోండి.