33 ఏళ్లకే నెలసరి ఆగితే: హెచ్.ఆర్.టి.యా, పిల్సా, చోడి అంబలా?

పెదవాల్తేరులో ఉండే మా చెల్లికి 33 ఏళ్లు. ఐదు నెలలు నెలసరి రాలేదు. రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు. విశాఖ ఉక్కపోతే అనుకుంది. మొదట చూపించుకున్న చోట "టెన్షన్ తగ్గించుకో అమ్మా" అని పంపేశారు. డిసెంబరులో కూడా దుప్పటి తడుస్తుంటే ఎఫ్.ఎస్.హెచ్. (అండాశయాలు మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోన్) పరీక్ష చేయించాం. 25 దాటితేనే అనుమానించాలట, తనకి 60 పైన. నెల తర్వాత మళ్లీ చేయిస్తే అంతే. 40 లోపే అండాశయాల పని మందగించడాన్ని పి.ఓ.ఐ. అంటారు. థైరాయిడ్, క్రోమోజోముల పరీక్షలు కూడా అయ్యాయి. చాలామందికి లాగే తనకీ కారణం దొరకలేదు.

అమ్మ మాత్రం "నాకూ ఆగిపోయాయి కదే, నేను బతకట్లేదా? చోడి (రాగి) అంబలి తాగు" అంది. కానీ అమ్మకి ఆగింది 48కి. చెల్లి ఒంటికి ఈస్ట్రోజన్, అంటే అండాశయాలు తయారుచేసే హార్మోన్, 15 ఏళ్లు ముందే తగ్గిపోయింది. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు ఈ లోటు వల్లే పెరుగుతాయి. అంబలి, ముల్లుతో సహా తినే నెత్తళ్లు, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక, అన్నీ కావాలి. ఈస్ట్రోజన్ లేకుండా అవే చాలనుకోవడం మాత్రం, తాపీమేస్త్రీని పిలవకుండా ఇసుక, సిమెంటు తెచ్చిపోసినట్టే.

మిగిలినవి గర్భనిరోధక పిల్స్, హెచ్.ఆర్.టి. (తగ్గిన హార్మోన్లను బయటి నుంచి భర్తీ చేసే చికిత్స). రెండిట్లోనూ హార్మోన్లే కదా, తేడా ఏముంది అనుకున్నాను. చాలా ఉంది. గర్భనిరోధక పిల్స్‌లో సాధారణంగా ఉండేది గట్టి కృత్రిమ ఈస్ట్రోజన్. బీపీ పెరగడం, రక్తం గడ్డకట్టడం లాంటి భయాలు దాంతో ఎక్కువ. 21 రోజులు వేసి వారం ఆపితే ఆ వారం ఒంటికి ఈస్ట్రోజనే ఉండదు. హెచ్.ఆర్.టి.లో ఇచ్చేది అండాశయం తయారుచేసే ఈస్ట్రోజన్ రకం ఎస్ట్రాడియోలే, మాత్రగానో చర్మానికి రాసే జెల్‌గానో. గర్భసంచి ఉన్నవాళ్లు ప్రొజెస్టరోన్ అనే మరో హార్మోన్ కూడా తప్పనిసరిగా తీసుకోవాలి, లేకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. వెన్నెముక గట్టిదనానికీ హెచ్.ఆర్.టి.యే మేలు.

క్యాన్సర్ భయం మాకూ పట్టుకుంది. ఆ భయానికి మూలం ఎక్కువగా 50 దాటిన స్త్రీల మీద జరిగిన అధ్యయనాలు. 33 ఏళ్లలో ఇచ్చేది అదనం కాదు, ఒంట్లో ఉండాల్సిందే. అందుకే సుమారు 50 వరకు వాడమంటారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ల సంగతి వేరు, వాళ్లు క్యాన్సర్ డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు.

పిల్స్ మేలయ్యే సందర్భమూ ఉంది. పి.ఓ.ఐ. ఉన్నా నూటికి 5 నుంచి 10 మందికి గర్భం దానంతటదే రావచ్చు, హెచ్.ఆర్.టి. దాన్ని ఆపదు. పిల్లలు వద్దనుకునేవాళ్లకి పిల్స్ నయం. మా చెల్లికి రెండో బిడ్డ కావాలి. ఆ కాస్త ఆశని కూడా పిల్స్ మూసేస్తాయి కాబట్టి హెచ్.ఆర్.టి. ఎంచుకుంది. ఆగిన అండాశయాలను తిరిగి పని చేయించే మందు ఇదీ అని నమ్మకంగా చెప్పగలిగేది ఇంకా రాలేదు. కుదరకపోతే దాత అండంతో ఐ.వి.ఎఫ్. ఉంది, దాని గురించి ఇంకా ఆలోచిస్తున్నారు.

మూడు నెలలయింది. ఆవిర్లు తగ్గి నిద్ర పడుతోంది. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ ఒకసారి తీయించాం. అమ్మ రోజూ మాత్ర పక్కనే అంబలి గ్లాసు పెడుతోంది.