నాలుగు పౌండ్ల లైన్‌కి ఏ రీల్? ట్రౌట్ కోసం తక్కువ ధర అల్ట్రాలైట్ స్పిన్నింగ్ రీళ్లు

వాగుల్లో మామూలుగా పడే ట్రౌట్ పావుకిలో, మహా అయితే అరకిలో ఉంటుంది. నాలుగు పౌండ్ల లైన్ సుమారు 1.8 కిలోల బరువు దాకా ఆగుతుంది. లెక్క ప్రకారం ఆ చేప ఈ లైన్‌ని తెంపలేదు. అయినా తెంపుతుంది, అదీ ఒడ్డుకి రెండు మూడు గజాల దూరానికి వచ్చాక. అప్పుడు అందరూ లైన్‌ని తిడతారు, లేదంటే ముడిని. చాలాసార్లు తప్పు డ్రాగ్‌ది, అంటే చేప లాగినప్పుడు లైన్‌ని కొలతగా జారనిచ్చే రీల్ బ్రేకుది. చేప తల విదిలించగానే స్పూల్ (లైన్ చుట్టి ఉండే చక్రం) కదలాలి. నాసి రకం రీళ్లలో అది ముందు బిగుసుకుని, ఆ తర్వాత జర్రున వదులుతుంది. తెగడానికి ఆ బిగుసుకున్న క్షణం చాలు. అందుకే ఈ తరగతి రీళ్లలో డ్రాగ్ ఎలా మొదలవుతుందో ముందు చూడాలి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే బేరింగుల సంఖ్యని అన్నిటికన్నా చివర చూడొచ్చు.

డ్రాగ్‌ని లైన్ బలంలో పావు వంతు దగ్గర పెట్టుకోవడం వాడుక. నాలుగు పౌండ్లకి అది 450 గ్రాములు. ఒకసారి కదిలాక 450 దగ్గర సాఫీగా తిరిగే డ్రాగ్, మొదట కదలడానికి 900 గ్రాములు అడిగిందనుకోండి. ముడి దగ్గర లైన్ బలం ఎలాగూ కొంత తగ్గి ఉంటుంది, రాయికి రాసుకున్న చోట ఇంకొంత. చేప దగ్గరికొచ్చేసరికి బయట ఉన్న లైన్ పొట్టిదైపోతుంది కాబట్టి నైలాన్ సాగే గుణం కూడా పెద్దగా ఆదుకోదు. ఒకవేళ లైన్ తెగకపోయినా గాలం చీల్చుకుని ఊడిపోతుంది. ట్రౌట్ మూతి పక్కన చర్మం అంత పల్చన.

దీన్ని పరీక్షించడానికి తూకం మిషన్ అక్కర్లేదు. అర లీటరు నీళ్ల సీసా నిండా నింపితే అటూ ఇటూగా అరకిలో. స్పూల్ మీది లైన్ కొసని సీసా మెడకి కట్టి, రీల్‌ని చేత్తో పట్టుకుని సీసాని గాల్లో వేలాడదీయండి. ముందు డ్రాగ్ బిగించి, తర్వాత నాబ్‌ని ఒక్కో క్లిక్కు వదులు చేస్తూ పోండి. మంచి డ్రాగ్ అయితే ఒక క్లిక్కు దగ్గర సీసా మెల్లగా, ఒకే వేగంతో దిగడం మొదలుపెడుతుంది. చెడ్డదైతే సీసా కదలదు, కదలదు, ఉన్నట్టుండి జానెడు జారి ఆగుతుంది, మళ్లీ జారుతుంది. రాడ్ రింగుల గుండా లైన్ పోనిచ్చి ఈ పరీక్ష చేయకండి, రింగుల రాపిడి కూడా కలిసి లెక్క తప్పుతుంది. ఇంకో సంగతి గమనించండి: సీసా గబగబా పడిపోయే స్థితి నుంచి అసలు కదలని స్థితికి నాబ్ ఎంత తిరిగింది? కనీసం అర చుట్టు ఉంటే సర్దుకోవడానికి వీలుంటుంది. రెండు క్లిక్కుల్లోనే అయిపోతే ఆ రీల్ ట్రౌట్‌కి పనికిరాదు. డబ్బా మీద గరిష్ఠ డ్రాగ్ నాలుగైదు కిలోలని రాసి ఉంటే మురిసిపోనక్కర్లేదు. మనకి కావలసింది 300 నుంచి 700 గ్రాముల మధ్య. అదే నాబ్ తిరుగుడులో ఎక్కువ కిలోలు ఇరికిస్తే ఆ కింది భాగం ఇంకా ఇరుకవుతుంది.

పరీక్షలో తప్పినంత మాత్రాన రీల్ పారేయనక్కర్లేదు. చాలావాటిలో ఫెల్ట్ వాషర్లు ఎండిపోయి ఉంటాయి, లేదా డ్రాగ్ బిగించే ఉంచి నెలల తరబడి దాచడంతో నొక్కుకుపోయి ఉంటాయి. నాబ్ విప్పి, స్పూల్ లోపలి స్ప్రింగ్ తీగని తీసి, వాషర్లని వచ్చిన వరుసలోనే ఒక గుడ్డ మీద పరవండి. చెవులున్న లోహపు వాషరు, మధ్యలో డి ఆకారపు రంధ్రమున్న వాషరు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, వాటి మధ్య ఫెల్ట్ ఉంటుంది. ఈ వరుస తప్పితే డ్రాగ్ అసలు పట్టదు. లోహపు వాటిని తుడిచి, ఫెల్ట్‌కి పల్చటి రీల్ నూనె ఒకటి రెండు చుక్కలు ఇంకనిచ్చి మళ్లీ బిగించండి. కార్బన్ వాషర్లకైతే నూనె కాదు, డ్రాగ్ గ్రీజు, అదీ వేలితో పల్చగా పూసినంతే. దీంతో కూడా మారకపోతే లోపం వాషర్లలో లేదు. స్పూల్ ఇరుసు మీద వదులుగా ఊగుతోందన్నమాట, దానికి ఇంట్లో చేయగలిగింది తక్కువ.

డ్రాగ్ తర్వాత నా దృష్టి లైన్ రోలర్ మీదే. లైన్‌ని స్పూల్ మీదికి మళ్లించే తీగ కమానుని బెయిల్ అంటారు, దాని చివర ఉండే ఆ చిన్న చక్రం పెద్ద లైన్ లాగితే తిరుగుతుంది. రెండు, నాలుగు పౌండ్ల సన్నపు లైన్‌కి మాత్రం తిరగనని మొరాయిస్తుంది. రోలర్ మీద మార్కర్ పెన్నుతో చుక్క పెట్టి, లైన్ కొసకి చిన్న బరువు కట్టి హ్యాండిల్ తిప్పండి. చుక్క కదలకపోతే లైన్ ప్రతిసారీ అక్కడ ఒరుసుకుపోతుంది, మెలి కూడా పడుతుంది. రోలర్ లోపల బేరింగే ఉండాలని లేదు, బుష్ (బంతులు లేని చిన్న గొట్టం) ఉన్నా శుభ్రంగా ఉండి ఒక చుక్క నూనె పడితే చాలు.

సైజు విషయంలో చాలామంది పొరపడతారు. అల్ట్రాలైట్ అనగానే అన్నిటికన్నా బుల్లి రీల్ కొంటారు. చిన్న స్పూల్ మీద లైన్ చిన్న చుట్లుగా పడుతుంది, నైలాన్ ఆ చుట్లనే గుర్తుపెట్టుకుంటుంది. విసిరినప్పుడు స్ప్రింగులా రింగుల్ని కొట్టుకుంటూ పోతుంది, దూరం తగ్గుతుంది. రెండు మూడు గ్రాముల ఎరకి ఆ నష్టం బాగా తెలుస్తుంది. ఐదడుగుల రాడ్‌తో పొదల కింద చిన్న వాగులో ఆడేవారికి 500 సైజు సరిపోతుంది. ఐదున్నర, ఆరున్నర అడుగుల రాడ్ వాడే మిగతావారికి 1000 గానీ 2000 గానీ మేలు. నా ఓటు 2000కే.

ఆ అంకెలు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి కుదరవు. షిమానోలో సి2000ఎస్ అంటే 1000 సైజు ఒంటి మీద 2000 సైజు స్పూల్, ఆ స్పూల్ కూడా లోతు తక్కువది. చివర హెచ్‌జీ ఉంటే వేగం ఎక్కువ గేరు. దైవా ఎల్‌టీ వరుసలో ఒళ్లు పాత లెక్కకన్నా ఒక మెట్టు చిన్నవి, కాబట్టి అక్కడ 2000 చూసి పెద్దదేమోనని భయపడక్కర్లేదు. ఫ్లూగర్‌లో 20, 25 అని, ఒకూమాలో 10 అని ఉంటాయి. అన్నిటికీ ఒకటే కొలబద్ద: నాలుగు పౌండ్ల లైన్ వంద మీటర్లు పడుతుందా? పడితే చాలు. అంతకన్నా బాగా లోతైన స్పూల్ అయితే అడుగున పాత నైలాన్ కొంత చుట్టి ఎత్తు చేయాలి.

గేర్ నిష్పత్తిని అంకెగా కాదు, ఒక తిప్పుకి ఎంత లైన్ వస్తుందో చూసుకోవాలి. నిండిన స్పూల్ అడ్డుకొలత 40 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్లు. 5.2:1 గేరు అంటే హ్యాండిల్ ఒకసారి తిప్పితే లైన్ స్పూల్‌కి 5.2 చుట్లు పడుతుంది, అలా ఒక తిప్పుకి 65 సెంటీమీటర్లు వస్తుంది. వాగులో ట్రౌట్ ఎదురీతగా తల పెట్టి నిలబడుతుంది కాబట్టి మనం దాని వెనక నుంచి, పైవైపుకి విసురుతాం. నీళ్లు సెకనుకి అర మీటరు మన వైపే వస్తున్నాయనుకోండి. సెకనుకి ఒక తిప్పు తిప్పితే ఎర నీటి కన్నా 15 సెంటీమీటర్లే ముందుకు కదులుతుంది. స్పిన్నర్ (లాగితే రేకు గిరగిరా తిరిగే లోహపు ఎర) రేకు తిరగడానికి అది చాలదు, ఎర రాళ్ల మధ్యకి దిగి ఇరుక్కుంటుంది. 6.2:1 అయితే 78 సెంటీమీటర్లు వస్తుంది, నీటితో పోలిస్తే 28, దాదాపు రెట్టింపు. చెరువులో నెమ్మదిగా లాగేవారికి 5:1 హాయిగా ఉంటుంది. వాగులో పైకి విసిరేవారు ఆరుకి పైన ఉన్నదే తీసుకోవడం మంచిది.

ఇక రీళ్ల సంగతి. షిమానోలో సియెన్నా ఎఫ్‌జీ, సెడోనా ఎఫ్‌ఐ రెండిటి డబ్బాల మీదా బేరింగుల లెక్క ఒకటే, 3+1 (మూడు బాల్ బేరింగులు, ఒక రోలర్ బేరింగు). తేడా గేరులో ఉంది. సెడోనాలో హగానే గేరు అని పిలిచే, చల్లగా ఒత్తి తయారుచేసిన లోహపు గేరు ఉంటుంది. ఏడాదికి పది, పదిహేను సార్లు వెళ్లేవారికి సియెన్నా సరిపోతుంది, మొదటి రీల్‌గా అది చాలా నిజాయతీ ఉన్న వస్తువు. వారం వారం నీళ్ల దగ్గరే ఉండేవారు సెడోనాకి మారాలి. స్పిన్నర్ లాగుతున్నప్పుడు హ్యాండిల్‌లో వచ్చే గరగర ఎంత ఆలస్యంగా మొదలవుతుందన్నది గేరు మీదే ఆధారపడుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే బేరింగుల సంఖ్యతో రీల్‌ని తూచకూడదని ఇట్టే అర్థమవుతుంది.

ఫ్లూగర్ ప్రెసిడెంట్ ఈ ధరల్లో ఏళ్ల తరబడి నిలబడిన పేరు. 5.2:1 గేరు, మూసి ఉన్న డ్రాగ్, బ్రెయిడ్ (అల్లిన లైన్) జారకుండా పట్టే స్పూల్. బేరింగుల కోసం కాదు, డ్రాగ్ కోసం దీన్ని మెచ్చుకోవాలి. చిన్న బిగువుల దగ్గర మెత్తగా మొదలవుతుంది. గేరు మాత్రం పైకి విసిరి లాగడానికి కాస్త నెమ్మది. బాగా తేలికైన రాడ్‌కి బిగించి, రీల్ కాడ ముందు చూపుడు వేలి మీద నిలబెట్టి చూడండి. వెనక్కి వాలిపోతే రోజంతా మణికట్టు మోయాల్సిందే.

దైవా ఎల్‌టీ వరుసలో చవక వాటికి కూడా ఏటీడీ అని దైవా పిలిచే డ్రాగ్, ఎయిర్ రోటర్ అనే తేలికైన రోటర్ (స్పూల్ చుట్టూ తిరిగే భాగం) వస్తాయి. రోటర్ తేలికైతే హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టినప్పుడు, ఆపినప్పుడు బరువు తెలియదు. ఒక గ్రాము జిగ్‌ని (తల దగ్గర బరువు పోసిన గాలం ఎర) ఆపుతూ లాగుతూ ఆడించేవారికి అదే పెద్ద సుఖం. సన్నటి లైన్‌తో చిన్న జిగ్‌లే ఎక్కువ వాడేవారికి ముందు ఇదే చెప్తాను. ఒకూమా సీమార్ సి-10 వీటిలో చాలా చిన్నది, ఫెల్ట్ డ్రాగ్. దాన్ని పైన చెప్పినట్టు విప్పి నూనె పెట్టుకునే ఓపిక ఉంటే పొట్టి రాడ్ మీద ముద్దుగా ఒదుగుతుంది.

ఏది కొన్నా కౌంటర్ దగ్గరే ఇంకో మూడు చూడాలి. స్పూల్ అంచుకీ రోటర్‌కీ మధ్య సందు ఎక్కువగా ఉంటే రెండు పౌండ్ల లైన్ వెనక్కి దూరి ఇరుసుకి చుట్టుకుంటుంది. హ్యాండిల్ మరతో బిగిసేదైతే ఊగులాట తక్కువ. అవతలి వైపు నుంచి బోల్టు వేసేది కాలక్రమంలో వదులవుతుంది. మూడోది వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్. హ్యాండిల్‌ని పది చోట్ల ఆపి, ప్రతి చోటా టపీమని వెనక్కి కుదపండి. ఒక్కచోటైనా జారితే పక్కన పెట్టేయండి. కొన్న తర్వాత చలిలో జారడం మొదలైతే మాత్రం కారణం వేరే: గేరు గ్రీజు క్లచ్‌లోకి పాకి చిక్కబడింది. గ్రీజు తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టి, బాగా పల్చటి నూనె కనపడీ కనపడనంత పెడితే మళ్లీ పట్టుకుంటుంది. క్లచ్‌లో గ్రీజు ఎప్పుడూ పెట్టకూడదు.

మంచి రీల్ కూడా లైన్ చుట్టడంలో పాడవుతుంది. కొత్త లైన్‌ని తడిగుడ్డ మధ్య పట్టుకుని బిగువుగా ఎక్కించండి. ఇరవై తిప్పులయ్యాక ఆపి లైన్ వదులు చేయండి. మెలికలు తిరిగితే లైన్ చుట్టని తిరగేసి రెండో వైపు నుంచి లాగాలి. అంచుకి రెండు మిల్లీమీటర్లు కింద ఆపేయండి. లైన్ స్పూల్ ముందు భాగంలో గుట్టపడితే స్పూల్ కింద పల్చటి వాషరు ఒకటి చేర్చాలి, వెనక గుట్టపడితే ఒకటి తీయాలి. ముందు గుట్టని వదిలేస్తే విసిరినప్పుడల్లా నాలుగైదు చుట్లు కలిసి ఊడి చిక్కుపడతాయి.

విసిరాక బెయిల్‌ని చేత్తోనే మూసి, లైన్‌ని ఒకసారి లాగి బిగువు చేసి అప్పుడు తిప్పండి. చేప లైన్ లాక్కుపోతున్నప్పుడు మాత్రం హ్యాండిల్ తిప్పకండి. డ్రాగ్ జారుతుండగా తిప్పిన ప్రతి తిప్పుకీ లైన్‌లో ఐదు మెలికలు పడతాయి, గేరు నిష్పత్తి ఎంతో అన్ని. స్పిన్నర్‌కి అరమీటరు పైన చిన్న స్వివెల్ (మెలి పడకుండా తనంతట తాను తిరిగే జోడు కడియం) కడితే మిగతా మెలి కూడా చాలావరకు తగ్గుతుంది.

ఇంటికొచ్చాక రీల్‌ని నీళ్లలో ముంచి కడగవద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. రోలర్‌కి ఒక చుక్క, హ్యాండిల్ పిడికి ఒక చుక్క నూనె వేసి, డ్రాగ్ నాబ్ పూర్తిగా వదులు చేసి దాచండి. మళ్లీ వెళ్లే రోజు ఉదయం రాడ్‌కి బిగించే ముందే సీసా కట్టి నాబ్‌ని సరిచేసుకోండి.