అమ్మ ఒంటరిగా, వాలంటీర్ల తోడుతో: మూడేళ్ల వాడకం తర్వాత

అమ్మకు ఇప్పుడు 79. నాన్న పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది, నేను ఉద్యోగం కోసం వేరే ఊళ్లో ఉంటాను. మూడేళ్ల కిందట బాత్రూమ్‌లో జారిపడి మణికట్టు విరిగినప్పుడు మా దగ్గరికి వచ్చెయ్యమని బతిమాలాను, ససేమిరా అంది. రోజంతా ఉండే కేర్‌టేకర్‌ని పెడతానన్నా ఒప్పుకోలేదు. కట్టు విప్పే రోజున ఆసుపత్రిలో ఒక నర్సు చెబితే ఈ వాలంటీర్ల సంస్థ గురించి తెలిసింది. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటివి చాలాచోట్ల ఉన్నాయి, నేను చెప్పేది వాటిలో దేనికైనా పనికొస్తుంది.

వారానికి రెండు రోజులు ఒకరు వస్తారు, రెండేసి గంటలు ఉంటారు. అది కాక ఆదివారం తప్ప రోజూ ఉదయం ఒక ఫోన్.

మొదటి రోజు కోఆర్డినేటర్ ఒక ఫారం తెచ్చి ఎనిమిది విషయాలు అడిగింది: ఫోన్ వాడటం, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇల్లు సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, బయటికి వెళ్లిరావడం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్క. ఇవి 1969లో లాటన్, బ్రోడీ అనే పరిశోధకులు తయారుచేసిన జాబితాలోవని తర్వాత తెలిసింది. స్నానం, బట్టలు కట్టుకోవడం, మంచం మీంచి లేవడం లాంటివి వేరే జాబితా, వాటికి శిక్షణ ఉన్న మనిషి కావాలి, వాలంటీర్లు ముట్టుకోరు. ఈ తేడా మొదట్లో నాకు అర్థం కాక "స్నానం చేయించడానికి కూడా ఎవరినైనా పంపండి" అని అడిగి గట్టిగానే వాదించాను. వాళ్లు కుదరదన్నారు, కుదరదనడమే సరైనది. పట్టుకోవడం తెలియని మనిషి తడి నేల మీద ఒకరిని లేపబోతే ఇద్దరూ పడతారు.

నాకు బాగా నచ్చింది మాత్రం వాళ్లు అమ్మ పనిని లాక్కోకపోవడం. కరెంటు బిల్లు కట్టాలంటే ఫోన్ తీసుకుని వాళ్లే కట్టేయొచ్చు, రెండు నిమిషాల పని, కానీ ఇప్పుడు వచ్చే ఆవిడ పక్కన కూర్చుని అమ్మ చేతే నొక్కిస్తుంది, అమ్మ తప్పు నొక్కితే మళ్లీ మొదటినుంచి, ఒక్కోసారి దానికే ముప్పావు గంట పడుతుంది. మొదట్లో నాకు విసుగొచ్చేది. ఆరు నెలలకి అమ్మ తనే బిల్లు కట్టి నాకు ఫోన్ చేసి చెప్పింది, ఆ రోజు ఆ గొంతులో ఉన్న ధీమా నాన్న పోయాక నేను వినలేదు.

నడక కూడా అంతే. చేతికర్రతో మొదట గేటు దాకా, తర్వాత వీధి చివరిదాకా. ఈ వయసులో కొన్ని రోజులు మంచానికే అంటుకుపోతే కండ ఎంత త్వరగా తగ్గుతుందో, మళ్లీ రావడానికి ఎంత కాలం పడుతుందో మణికట్టు విరిగినప్పుడు కళ్లారా చూశాను. లేవగానే నిలబడకుండా కాసేపు మంచం అంచున కూర్చోమని కూడా వాళ్లే అలవాటు చేశారు, ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు కాబట్టి. మెట్ల అంచులకు ముదురు రంగు టేపు అంటించారు, శుక్లం వచ్చిన కళ్లకి ఒకే రంగు మెట్లు విడివిడిగా కనపడవు. డబ్ల్యూహెచ్‌వో అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారట. ఆ సంఖ్య చదివాక నాకు ఆ టేపు ముక్క చిన్న విషయంగా అనిపించలేదు.

ఉదయం ఫోన్ సంగతి. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే, తాళం చెవి ఉంచిన పక్కింటివాళ్లకి చేస్తారు. మూడేళ్లలో ఒక్కసారే అవసరం పడింది. అమ్మ మంచం పక్కన జారి కూర్చుండిపోయి లేవలేకపోయింది. దెబ్బ ఏమీ తగల్లేదు, కానీ అప్పటికే గంటన్నరైంది. గంటల తరబడి నేల మీదే పడి ఉంటే ఒంట్లో నీరు తగ్గి, కండ దెబ్బతిని కిడ్నీల దాకా వెళ్లొచ్చని డాక్టర్ చెప్పారు. నేను ఆ రోజు మీటింగ్‌లో ఉన్నాను, ఆ ఫోనే లేకపోతే నాకు సాయంత్రానికి కానీ తెలిసేది కాదు.

ఇబ్బందులు కూడా రాయాలి. మనుషులు మారతారు, అదే పెద్ద బాధ. మూడేళ్లలో నలుగురు. ఒక్కొక్కరితో కుదురుకోవడానికి అమ్మకు రెండు నెలలు పడుతుంది, మొదటి అమ్మాయి చదువు పూర్తయి వెళ్లిపోయినప్పుడు అమ్మ వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో ఆయన మంచి మనసుతోనే వంటింటి అల్మరా అంతా తిరగేసి సర్దేశాడు, అమ్మను అడగకుండా. రోజూ వాడే గిన్నెలు పై అరలోకి పోయాయి. మర్నాడు అమ్మ స్టూలెక్కింది. ఏమీ కాలేదు కానీ విన్నాక నాకు చేతులు వణికాయి. కోఆర్డినేటర్‌కి చెబితే తప్పు ఒప్పుకుని, అడగకుండా ఏ వస్తువూ కదపకూడదని ఆ తర్వాత అందరికీ నియమం పెట్టారు.

చేరేవాళ్లు ముందే తేల్చుకోండి. మందుల విషయంలో వాలంటీర్ గుర్తు చేస్తారు, అంతే, డబ్బాలో మాత్రలు నింపేది మీరో నర్సో అయ్యుండాలి. ఏటీఎం పిన్ ఎవరికీ చెప్పొద్దు, వాళ్లు కూడా అడగరు, అడిగితే వెంటనే ఫిర్యాదు చేయండి. వచ్చేవాళ్ల వివరాలు ఎలా సరిచూశారో, ఒకరు మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారో అడగండి. మతిమరుపు ముదిరినవాళ్లకి, రాత్రి తోడు కావాల్సినవాళ్లకి ఇది సరిపోదు, అలాంటప్పుడు కేర్‌టేకరే దారి.

ఆదివారాలకు ఇంకా ఎవరూ దొరకలేదు. ఏడాదిగా అడుగుతూనే ఉన్నాను, మనుషుల్లేరంటున్నారు. అందుకని ఆదివారం ఉదయం ఎనిమిదింటి ఫోన్ నాది.